నాలుగు వేళ్ళ మడత

లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే ఆ షెడ్డుకి కొత్తగా వచ్చిన డ్రైవరెవరైనా ముందు చేసే పని, ఆమె చేతుల వంక దొంగచూపులు చూడటం. "వెళ్ళి నాలుగువేళ్ళక్కని అడుగు" అని పాతవాళ్ళు పంపిస్తారు. పాపం, ఐదో వేలు ఏ మిషను కింద పోయిందో అనుకుంటూ వస్తాడు. తీరా చూస్తే రెండు చేతులకీ కలిపి పది వేళ్ళూ భేషుగ్గా ఉంటాయి. అడగడానికి మొహమాటపడి, అడగకుండా ఉండలేక, కాసేపు నలిగిపోతాడు. ఆమెకిది అలవాటే. నవ్వుకుని తన పని తాను చేసుకుంటుంది.

ఆ పేరు వెనక కథ చాలా చిన్నది. కాన్వాసు గుడ్డ వానలో తడిస్తే ముడుచుకుంటుంది. కొత్తలో బండిని నిండుగా కప్పిన గుడ్డ రెండు వానలు పడేసరికి పక్కలకి అందకుండా పోతుంది. అందుకని అంచున నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ ఎక్కువ వదిలి, లోపలికి మడిచి, వదులుగా కుట్టాలి. తర్వాత ఆ కుట్టు విప్పుకుంటే కొలత మళ్ళీ సరిపోతుంది. ఇది ఆమె కనిపెట్టిందేం కాదు, షెడ్డు మేస్త్రి నేర్పిందే. కాకపోతే హడావుడిలో మేస్త్రి అయినా మర్చిపోతాడు గానీ ఈవిడ మర్చిపోదు. పదహారేళ్ళలో "నాలుగు వేళ్ళు వదలాలి" అని ఎన్ని వేలసార్లు అందో, చివరికి ఆ మాటే ఆమె పేరైపోయింది. ఇంట్లో ఆయన కూడా, ప్రేమ ఎక్కువైన రోజున, ఆ పేరుతోనే పిలుస్తాడు.

ఆమె కుట్టిన గుడ్డలు వెళ్ళని ఊరు లేదు, దాటని సరిహద్దు లేదు. ఆమె మాత్రం పొద్దున ఇంటి నుంచి షెడ్డుకి, సాయంత్రం షెడ్డు నుంచి ఇంటికి. అందుకని జాలిపడక్కర్లేదు, ఆమెకి ఆ పనంటే ఇష్టం. కానీ మనసులో ఒక ప్రయాణం ఉంది. సరిహద్దు అవతలి దేశంలో, కొండల మధ్య ఒక సరస్సు. దాని ఒడ్డున గుడారాలు వేసుకోనిస్తారు. ఇంట్లో ఉన్న పాత వ్యానులో పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని, రెండు రోజులు ఆగుతూ వెళ్ళి, ఒక రోజు నీళ్ళ పక్కన ఉండి, రెండు రోజులు ఆగుతూ తిరిగి రావాలి. అంతే.

ఆ సరస్సు ఆమెకి నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన వాచీలు బాగుచేసేవాడు. ఆదివారం కొట్టు ఉండేది కాదు కాబట్టి వంటింటి నేల మీద మ్యాపు పరిచేవాడు. ఆమెకీ తమ్ముడికీ చెరో గుప్పెడు చొక్కా బొత్తాలిచ్చి, దారిలో ఎక్కడెక్కడ ఆగుదామో అక్కడ పెట్టమనేవాడు. ఆకలేస్తే ఇక్కడ, నిద్రొస్తే ఇక్కడ, తమ్ముడికి ఒంటేలు వస్తే ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా. స్నేహితుడి కారు అడుగుతానన్నాడు, అడిగాడు కూడా. ఆ ఏడు అమ్మకి ఒంట్లో బాగోలేదు. మరుసటేడు ఆ స్నేహితుడు కారు అమ్మేసుకున్నాడు. ఆ పైయేడు ఇంకేదో. ఒక్క కారణమూ అబద్ధం కాదు. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

ఒక ఆదివారం ఆయన మ్యాపు పరిచి, "బొత్తాలేవమ్మా?" అన్నాడు. ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండా, "రేపు పరీక్ష ఉంది నాన్నా" అంది. పరీక్షా లేదు, పాడూ లేదు. ఆయన ఒక్కడే కాసేపు మ్యాపు ముందు కూర్చుని, మడతల ప్రకారం మడిచి లోపల పెట్టేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ సరస్సు మాట ఎత్తలేదు. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే ఆ మ్యాపు దొరికింది. అప్పటికి పెద్దది కడుపులో ఉంది. నా పిల్లల్ని నేను తీసుకెళ్తాను అని ఆమె ఆ రోజే గట్టిగా అనుకుంది.

పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నవాడికి మూడేళ్ళు వచ్చాక పని మొదలుపెట్టింది. చిన్నవాణ్ణి ఇంట్లో బుడ్డోడంటారు. ఆమె ఏ పనైనా మొదలుపెట్టిందంటే అడ్డదిడ్డంగా ఉండదు. షెడ్డులో మిగిలిపోయిన కాన్వాసు ముక్కలు మేస్త్రిని అడిగి తెచ్చుకుని, భోజనాల వేళ రోజుకి కాస్త చొప్పున నలుగురు పట్టే గుడారం కుట్టింది. అంచుల్లో నాలుగు వేళ్ళు వదిలిందని వేరే చెప్పాలా. పిల్లలకి దూది దట్టించిన మెత్తటి పూల గుడ్డతో పడుకునే సంచులు కుట్టింది. వాళ్ళని గోడకి నిలబెట్టి, అరికాలి నుంచి భుజం దాకా గీత గీసినట్టు కొలిచింది. సంచిలో ఖాళీ ఉంటే ఆ ఖాళీలో చలి దూరుతుందని ఒక డ్రైవరు చెప్పాడు. పైగా ఆ గుడ్డ తడిసినా ముడుచుకునే రకం కాదు. ఇంకేం, వేలెడు కూడా వదలకుండా కుట్టేసింది. పిల్లలు వాటిలో దూరి భుజాల దాకా బటన్లు పెట్టుకుంటే, అచ్చుగుద్దినట్టు సరిపోయాయని మురిసిపోయింది.

పెద్దది తన నీలం బ్యాగు తనే సర్దుకుంది. టార్చిలైటు, రంగు పెన్సిళ్ళు, ఈల, మూరెడు తాడు. తాడెందుకే అంటే, "ఏమో అమ్మా, దారిలో ఏదైనా కట్టాల్సొస్తే" అంది. ముందు సీటులో కూర్చుని మ్యాపు చూసే ఉద్యోగం కూడా దానిదే. ఎడమకి తిరగాలో కుడికి తిరగాలో రోజూ నాన్నకి పరీక్ష పెట్టేది.

వీటన్నిటికీ పైన ఒక ఎర్ర ఫైలు. అందులో పాస్‌పోర్టుల నకళ్ళు మూడేసి సెట్లు, వ్యాను కాగితాలు, దారిలో ఉన్న ఆసుపత్రుల ఫోను నంబర్లు. తర్వాత జాబితాలు. 'వాన వస్తే' ఒక పేజీ. 'బండి ఆగిపోతే' రెండు పేజీలు. 'పిల్లలు తప్పిపోతే' అర పేజీ. అది రాస్తుంటే చెయ్యి ఆడక అక్కడితో ఆపేసింది. 'వాంతులైతే' మాత్రం నాలుగు పేజీలు. బుడ్డోడు వ్యాను ఎక్కితే నలభై కిలోమీటర్లు దాటకుండా కక్కుతాడు.

వాళ్ళాయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నిదానపు మనిషి, దేనికైనా "అలాగే" అంటాడు. ఒకరోజు తీరిగ్గా ఆ ఫైలంతా తిరగేసి, "అన్నీ ఉన్నాయి గానీ, ఏమీ కాకపోతే ఏం చెయ్యాలో రాయలేదేం?" అన్నాడు.

"మీకు అన్నీ వేళాకోళమే" అని ఆమె ఫైలు లాక్కుంది.

ఆ ఏడు బయల్దేరే వారానికి బుడ్డోడికి ఆటలమ్మ పోసింది. మరుసటేడు వానలు ముందే వచ్చి షెడ్డు ముందు లారీలు బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే మేస్త్రి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని వదిలి ఎలా వెళ్తుంది? ఈ రెండూ అబద్ధపు కారణాలు కావు. మూడో ఏడు అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, మేస్త్రి చెయ్యి అతుక్కుంది, వీసాలు వచ్చాయి. అడ్డేమీ లేదు. అడ్డేమీ లేకపోయేసరికి ఆమెకి భయం పట్టుకుంది. గ్యాసు స్టవ్వుని సరిహద్దు దగ్గర దాటనిస్తారో లేదో తేలలేదంది. రెండో రోజు ఆగే చోటు బాగుంటుందో లేదో అంది. వచ్చే ఏడైతే బుడ్డోడు ఇంకాస్త పెద్దవాడవుతాడు, వాంతులు తగ్గుతాయి, హాయిగా వెళ్ళొచ్చు కదా అని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది. అనుకుంటున్నప్పుడు అది భయమని ఆమెకి తెలియలేదు, ముందుచూపు అనుకుంది. వీసా గడువు ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది. ఈసారి దాటిపోతే మళ్ళీ మొదటికే.

ఆ శుక్రవారం భోజనాల వేళ ఆమె ఫైలు ముందేసుకుని కూర్చుంటే మేస్త్రి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మాయ్, రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నావు?"

"సామాను మేస్త్రీ. అంతా వ్యానులో పట్టదేమోనని."

"ఎక్కించి చూశావా?"

"ఇంకా లేదు. ముందు కాగితం మీద కుదరాలి కదండీ."

మేస్త్రి ఆమె వంక ఎగాదిగా చూశాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఖాళీ లారీకి కొలత తియ్యరు. ఎంత పెద్ద షావుకారు పంపిన బండైనా సరే, సరుకెక్కించుకుని రమ్మని వెనక్కి పంపేస్తాడాయన. సరుకు పడ్డాక బండి ఎక్కడ ఉబ్బుతుందో, ఏ పక్కకి ఒరుగుతుందో ఖాళీగా ఉన్నప్పుడు ఎవడూ చెప్పలేడంటాడు.

"పదహారేళ్ళ నుంచీ నీకు నేర్పిందేంటి?" అన్నాడు. "వెళ్ళి ఎక్కించు. పట్టకపోతే ఏది దింపాలో బండే చెబుతుంది."

ఆదివారం పొద్దున వ్యానుని ఇంటి ముందు పెట్టించి, వెనక తలుపులు బార్లా తీసి, అటక మీది సామానంతా దింపింది. గుడారం, దాని గొట్టాలు, నీళ్ళ డబ్బాలు, గిన్నెలు, మందుల పెట్టె, బుడ్డోడి కోసం మూతలున్న మూడు చిన్న బకెట్లు. ఎదురింటి టీచరు గేటు దగ్గరికి వచ్చి, "ఇల్లు మారుతున్నారా?" అని అడిగింది. "టూరుకండీ" అంటే, "ఓ, అదా" అంది. రెండేళ్ళుగా వింటోంది మరి. బుడ్డోడు గరిటె పట్టుకుని ఇంట్లోకీ వీధిలోకీ పరుగులు పెడుతూ పని చేస్తున్నాననుకుంటున్నాడు. పెద్దది మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. వాళ్ళాయన అందించినవి ఆమె వ్యానులో సర్దింది. చిత్రంగా అన్నీ పట్టాయి. మడత బల్ల ఒక్కటే మిగిలింది. అది లేకపోయినా కొంప మునగదు.

"నీ నీలం బ్యాగు పట్రావే" అంది పెద్దదానితో.

అది లేచి వెళ్ళి తెచ్చింది. ఆమె జిప్పు తీసింది. లోపల కాన్వాసు బూట్లు, ఒక తువ్వాలు, చెమట వాసన కొడుతున్న ఆటల బట్టలు.

"ఇందులో సామానేదే?"

"తీసేశానమ్మా. ఆటల పీరియడ్‌కి బ్యాగు కావాలి కదా."

"ఎప్పుడు తీశావు?"

"పోయినేడు."

అలిగినట్టు అనలేదు, దెప్పినట్టూ అనలేదు. గడియారం చూసి టైము చెప్పినట్టు చెప్పింది. ఆమె జిప్పు వేసి బ్యాగు వెనక్కి ఇస్తూ, "సరే, మళ్ళీ సర్దుకో మరి. వెళ్తున్నాం కదా" అంది.

"సర్దుకుంటాలే అమ్మా, వెళ్ళే రోజు" అంది పెద్దది. పెద్దవాళ్ళు చిన్నపిల్లల మనసు కష్టపెట్టకుండా ఉండటానికి అనే గొంతుతో అంది.

ఆ గొంతు ఆమెకి తెలుసు. రేపు పరీక్ష ఉంది నాన్నా అన్న గొంతు అదే. ఇది ఎప్పుడు అడగడం మానేసింది? ఎడమా కుడీ అని నాన్నకి పరీక్ష పెట్టడం ఎప్పుడాపేసింది? ఎంత వెతికినా ఆ రోజు గుర్తుకు రాలేదు. ఫైల్లో అన్నీ రాసుకుంది గానీ, అది రాసుకోలేదు.

ఇంతలో బుడ్డోడు తన పడుకునే సంచి లాక్కుని అందులో దూరాడు. కాళ్ళు అడుక్కి తగిలాయి, పైన భుజాలూ చేతులూ బయటే ఉండిపోయాయి.

"అమ్మా, ఇది నాకు గౌను" అని వాడు వీధిలో గెంతడం మొదలుపెట్టాడు. టీచరు కూడా నవ్వింది. పెద్దది పుస్తకం పక్కన పెట్టి, అమ్మ మొహం చూసి, అడక్కుండానే తన సంచిలో దూరి నిలబడింది. దానికీ చంకల కిందే ఆగిపోయింది. అదేదో తన తప్పయినట్టు మోకాళ్ళు కాస్త వంచింది, సరిపోతుందేమోనని.

"వంచకు" అంది ఆమె. "నిటారుగా నిలబడు."

మోకాళ్ళ మీద కూర్చుని జానతో కొలిచింది. భుజానికి అరజానెడు తక్కువ. అచ్చుగుద్దినట్టు కుట్టాననుకున్న సంచులు. గుడ్డ ముడుచుకుంటుందేమో అని ఆలోచించింది, ముడుచుకోదులే అనుకుని ఊరుకుంది. పిల్లలు పెరుగుతారన్న ముక్క ఆమెకి తట్టనే లేదు. ఊళ్ళో లారీలన్నిటికీ నాలుగు వేళ్ళు వదిలిన మనిషి సొంత పిల్లలకి వదల్లేదు. అప్పట్లో వదలాల్సిన అవసరం కూడా కనిపించలేదు, ఎందుకంటే అప్పుడు వచ్చే నెలలోనే వెళ్దామనుకున్నారు.

ఆమె వ్యాను వెనక అంచు మీద కూలబడింది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమైంది?"

"పొట్టివైపోయాయి."

"దానికేముంది, నీకదో పనా? ముక్క అతికేస్తావు."

"సంచులకైతే అతుకుతాను" అని ఆమె ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన కాసేపు వీధిలో గెంతుతున్న వాణ్ణి చూశాడు. తర్వాత, ఎన్నడూ ఏదీ తనంతట తాను తేల్చని మనిషి, "శనివారం బయల్దేరదాం" అన్నాడు.

"స్టవ్వు సంగతి తేలలేదండీ. సరిహద్దు దగ్గర ఆపితే?"

"అక్కడే వదిలేద్దాం. బ్రెడ్డు తిని ఉంటాం."

"వాడికి దారంతా వాంతులైతే?"

"కడుగుదాం."

నాలుగు పేజీలు రాసిన విషయం ఒక్క మాటలో తేలిపోయింది. ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇంకేదో అడగబోయి, ఏదీ దొరక్క, "అలాగే" అంది. ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

సోమవారం మేస్త్రిని సెలవు అడిగింది. ఆయన "ఎన్ని రోజులు?" అని కూడా అడగలేదు, వెళ్ళిరమ్మని చెయ్యి ఊపేశాడు. భోజనాల వేళ సంచులు రెండూ బల్ల మీద పరిచింది. అప్పటి పూల గుడ్డ ఇప్పుడు దొరకలేదు. ఇంట్లో పాత దుప్పటి ఒకటుంటే తెచ్చుకుని, దూది దట్టించి, పై అంచుకి అతకడానికి రెండు పట్టీలు సిద్ధం చేసుకుంది. పిల్లల కొలతలు ఆ పొద్దున్నే మళ్ళీ తీసింది. ఆ కొలతకి సరిగ్గా సుద్దతో గీత గీసి, కత్తెర కోసం పక్కకి తిరిగింది. తిరిగి చూసేసరికి మేస్త్రి వంగి, ఆమె గీతకి నాలుగు వేళ్ళు అవతల ఇంకో గీత గీస్తున్నాడు.

ఆమె తన గీత మీదే కత్తెర పెట్టి కత్తిరించేసింది. రెండో పట్టీనీ అలాగే. నాలుగు వేళ్ళ పీలికలు రెండు కింద పడ్డాయి.

మేస్త్రి తెల్లబోయాడు. "అదేంటమ్మాయ్? ఎదిగే పిల్లలు. మడత పెట్టి కుడితే వచ్చే ఏడు కూడా పనికొచ్చేది కదా."

"తెలుసు మేస్త్రీ" అంది ఆమె, పట్టీని మిషను కిందకి జరుపుతూ. "మడత ఉంటే వచ్చే ఏడు వెళ్దాంలే అనిపిస్తుంది."

మేస్త్రి వంగి, కింద పడ్డ పీలికలు రెండూ ఏరి చెత్తబుట్టలో పడేశాడు. గుడ్డ ముక్క పారేసే మనిషి కాడాయన.

సాయంత్రం సంచులు ఇంటికి తెచ్చింది. బుడ్డోడు దూరి, భుజాల దాకా మునిగి, ఇప్పుడు గెంతడానికి రావట్లేదని ఫిర్యాదు చేశాడు. పెద్దది తన సంచిలో పడుకుని, కాళ్ళు చాపి, బటన్లన్నీ పెట్టుకుంది. పై అంచున ఉన్న పాత దుప్పటి గుడ్డని గడ్డంతో తడిమింది.

"సరిగ్గా ఉందమ్మా" అంది. కాసేపు ఆలోచించి, "మరీ సరిగ్గా ఉంది. వచ్చే ఏడుకి పట్టదు" అంది.

"పట్టక్కర్లేదు" అంది ఆమె. "శనివారానికి పడితే చాలు."

పెద్దది పడుకున్న చోటి నుంచే ఆమె మొహంలోకి చూసింది. తర్వాత బటన్లు విప్పుకుని లేచి, గదిలోకి వెళ్ళి, నీలం బ్యాగుని మంచం మీద బోర్లించింది. బూట్లు కింద పడ్డ చప్పుడు వంటింట్లోకి వినిపించింది.

"అమ్మా, నా తాడు ఎక్కడ పెట్టాను?" అని అరిచింది.